పాత జేసీబీ కొంటున్నారా? చల్లగా ఒకసారి, వేడెక్కాక ఒకసారి చూడండి

బండి చూడటానికి పొద్దున్నే వెళ్లండి. పదింటికి వస్తామని చెప్పి ఎనిమిదింటికే వెళ్లినా తప్పులేదు. వెళ్లగానే బానెట్ తెరిపించి ఇంజిన్ బ్లాకు దగ్గర అరచెయ్యి పెట్టి చూడండి. రాత్రంతా ఆగిన బండి చల్లగా ఉండాలి. వెచ్చగా తగిలిందంటే మీరు రాకముందే ఎవరో స్టార్ట్ చేసి ఉంచారన్నమాట. ఊరికే ఎవరూ అలా చేయరు. ఆ రోజు బేరం జోలికి పోకుండా, మర్నాడు మళ్లీ వస్తామని చెప్పి వచ్చేయండి.

ఇంజిన్ జబ్బు బండి చల్లగా ఉన్నప్పుడు బయటపడుతుంది. హైడ్రాలిక్ పంపు జబ్బు, గేర్‌బాక్సు జబ్బు ఆయిల్ బాగా కాగితే గానీ కనపడవు. ఈ రెండు సమయాలూ వదిలేసి, మధ్యలో ఓ పావుగంట చూసి, టైర్లు తన్ని, బయానా ఇచ్చి వచ్చేవాళ్లే ఎక్కువ. కొత్తగా కొట్టిన పసుపు రంగు, కొత్త సీటు కవరు, అద్దానికి నిమ్మకాయల దండ చూస్తే ఎవరికైనా మనసు లాగుతుంది. పైన పటారం లోన లొటారం అన్న మాట ఈ బండ్లకు సరిగ్గా అతుకుతుంది. కనీసం మూడు గంటలు పెట్టుకుని వెళ్లండి. ఒక చాక్‌పీసు, టార్చిలైటు, కొలిచే టేపు, గడ్డపార, పాత తెల్లగుడ్డ, అట్టముక్క, ఫోన్‌లో స్టాప్‌వాచ్ ఉంటే చాలు. మీకు తెలిసిన ఆపరేటర్ ఒకడిని వెంట తీసుకెళ్లండి. అమ్మేవాళ్ల ఆపరేటర్‌కు ఆ బండి బలహీనత ఎక్కడుందో తెలుసు, దాన్ని తప్పించి నడుపుతాడు.

మన ఊళ్లలో జేసీబీ అనేది కంపెనీ పేరు కంటే బండి జాతి పేరు. ముందు లోడర్ బకెట్, వెనక తవ్వే బకెట్ ఉన్న ఏ బండైనా జేసీబీయే. అది కేస్ కావచ్చు, టాటా హిటాచీ కావచ్చు, బుల్ కావచ్చు. ఇక్కడా ఆ అర్థంలోనే వాడుతున్నాం. ఎక్కువగా కనపడేది జేసీబీ కంపెనీ 3డీఎక్స్ మోడల్ తరహా బండి: 76 హార్స్‌పవర్ దరిదాపు ఇంజిన్, ముందు బకెట్ 1.1 ఘనపు మీటర్లు, వెనక బకెట్ 0.26 ఘనపు మీటర్లు, బరువు సుమారు ఏడున్నర టన్నులు.

ముందు మీ పని లెక్క వేసుకోండి

గట్లు పోయడం, కాలువలు తీయడం, మోళ్లు పెకలించడం, చెరువు పూడిక మట్టినో పెంటకుప్పనో ట్రాలీలకు ఎత్తడం, ఇటుక బట్టీ యార్డులో మట్టి కలపడం లాంటివాటికి ఈ బండి సరిపోతుంది. కానీ మీ సొంత పని ఏడాదికి 300 గంటలు దాటకపోతే అద్దెకు పిలిపించుకోవడమే మేలు. ఆపరేటర్ జీతం, ఇన్సూరెన్స్, ఫైనాన్స్ వడ్డీ బండి నిలబడి ఉన్నా ఆగవు. బయటి పనికి కూడా తిప్పాలనుకుంటే ఊళ్లో ఇప్పటికే ఎన్ని బండ్లున్నాయో, గంట రేటు ఎంతుందో, డబ్బు ఎన్ని నెలలకు చేతికొస్తుందో కనుక్కోండి. ఈ మూడో ప్రశ్నే అసలైనది.

మీ పని తవ్వకం కాకుండా ఎత్తి పేర్చడమే అయితే, అంటే జిన్నింగ్ మిల్లులో పత్తి బేళ్లు, డైరీలో గడ్డి కట్టలు, గోడౌన్ యార్డులో పాలెట్లు అయితే, మీకు కావలసింది టెలిహ్యాండ్లర్. దాని బూమ్, అంటే ఎత్తే పొడవాటి చెయ్యి, ఒకదాన్లోంచి ఒకటిగా సాగుతుంది. పాతదాన్ని చూసేటప్పుడు బూమ్‌ను నేలకు సమాంతరంగా, ఖాళీగా, పూర్తిగా చాపించి, బూమ్ భాగాల మధ్య ఉండే ప్యాడ్లు ఎంత అరిగాయో, ఇనుము ఇనుముకు రాసుకున్న మెరుపు గీతలు ఉన్నాయో చూడాలి. లోపల గొలుసులుండే రకమైతే వాటి సాగుదల చూడాలి. బరువు ఎక్కువైతే మోగే అలారాన్ని వైరు తెంపి ఆపేశారేమో చూడాలి. ఆపేసి ఉంటే ఆ బండి ఎప్పుడో ఒకప్పుడు ముందుకు తూలి ఉండొచ్చు. మిగతా ఇంజిన్, హైడ్రాలిక్ పరీక్షలు కింద చెప్పేవే.

ఎక్కడ తిరిగిన బండి?

ఏ సంవత్సరం బండి అని అడిగే ముందు ఏ నేలలో తిరిగింది అని అడగండి. కరీంనగర్, చీమకుర్తి వైపు గ్రానైట్ క్వారీల్లోనూ, కంకర క్రషర్ల దగ్గరా తిరిగిన బండి చాసిస్ దెబ్బలు తిని ఉంటుంది, ఇంజిన్ రాతిదుమ్ము పీల్చి ఉంటుంది. ఇసుక రీచ్‌లో తిరిగినదానికి కీళ్లలోని పిన్నులు, వాటి చుట్టూ తొడుగుల్లా ఉండే బుష్‌లు ముందు పోతాయి. నీళ్లలో నిలబడి పనిచేసి ఉంటే యాక్సిల్ సీళ్లలోంచి నీరు లోపలికి వెళ్లి ఉంటుంది. భీమవరం, మొగల్తూరు వైపు రొయ్యల చెరువుల్లో తిరిగిన బండిది ఇంకో కథ. ఉప్పునీటికి వైరింగ్ కనెక్టర్లలో పచ్చటి చిలుము పడుతుంది, క్యాబిన్ నేల రేకు చాప కింద చిల్లులు పడుతుంది. చాప ఎత్తి చూడకుండా ఆ ప్రాంతపు బండి కొనకండి. పొలం పనులు, ఇళ్ల పునాదులు, చెరువు పూడిక పనుల్లో తిరిగిన బండి వయసు రెండేళ్లు ఎక్కువైనా క్వారీ బండి కంటే నయం.

గంటల మీటర్‌ను నమ్మి ధర కట్టొద్దు. అద్దెకు తిరిగే బండి మామూలుగా ఏడాదికి 1500 నుంచి 2000 గంటలు నడుస్తుంది. ఆరేళ్ల బండి మీటర్‌లో 4000 కనపడితే, అది నిజంగా సొంత యార్డులో కూర్చున్న బండన్నా అయ్యుండాలి, మీటరన్నా మార్చి ఉండాలి. ఏది నిజమో పెడల్ రబ్బర్లు, లివర్ల గుండీలు, స్టీరింగ్ చుట్టు చెబుతాయి. హైడ్రాలిక్ హోస్‌ల మీద, టైర్ల మీద తయారైన తేదీ ఉంటుంది. టైరు మీద చివరి నాలుగంకెలు 3519 అని ఉంటే 2019లో 35వ వారం. 2500 గంటలే నడిచిందని చెప్పిన బండికి రెండో జత టైర్లు కూడా అరిగిపోయి ఉంటే ఎవరి మాట నమ్మాలో మీకే తెలుస్తుంది.

నంబరు ప్లేటు చూసి వయసు అంచనా వేయడం కూడా పొరపాటే. తెలంగాణలో 2024 మార్చి నుంచి కొత్త రిజిస్ట్రేషన్లకు టీఎస్ బదులు టీజీ వస్తోంది. వేరే రాష్ట్రం నుంచి తెచ్చి ఇక్కడ మళ్లీ నంబరు తీసుకున్న 2015 బండికీ టీజీ ప్లేటే ఉంటుంది. ఆర్‌సీలో తయారైన నెల, సంవత్సరం గడి చూడండి. వెళ్లేముందే ఫోన్‌లో ఆర్‌సీ రెండు వైపులా ఫొటో పంపమనండి. పంపడానికి నసిగితే పెట్రోల్ ఖర్చు మిగిలింది అనుకోండి.

చల్లగా ఉన్నప్పుడు

1. రేడియేటర్ మూత చల్లగా ఉన్నప్పుడే తీయాలి. లోపల కూలెంట్ రంగు ఉండాలి. ఎర్రటి తుప్పునీళ్లు ఉంటే ఎప్పటినుంచో బోరునీళ్లు పోస్తున్నారని అర్థం, లోపల పాచి, సుద్ద పేరుకుని ఉంటుంది. పైన నూనె తెట్టు తేలుతుంటే హెడ్ గ్యాస్కెట్టో, ఆయిల్ కూలరో పోయింది.

2. డిప్‌స్టిక్ తీసి తెల్లగుడ్డకు తుడవండి. నల్లగా ఉండటం తప్పుకాదు, డీజిల్ ఇంజిన్‌లో ఆయిల్ నల్లబడుతుంది. మజ్జిగలా తెల్లగా ఉంటే నీళ్లు కలిశాయి. లెవెల్ గుర్తు దాటి పైకి ఉండి, పల్చగా డీజిల్ వాసన వస్తే ఇంజిన్‌లోకి డీజిల్ దిగుతోంది. పూర్తి కొత్త ఆయిల్ తేనె రంగులో మెరుస్తుంటే సంతోషించకండి, నిన్న ఎందుకు మార్చారని అడగండి.

3. ఎయిర్ ఫిల్టర్ డబ్బా విప్పించండి. బయటి ఫిల్టర్, లోపలి చిన్న ఫిల్టర్ రెండూ ఉండాలి. చాలా బండ్లలో లోపలిది ఉండదు, పికప్ తగ్గిందని ఎప్పుడో పీకి పారేసి ఉంటారు. ఫిల్టర్ దాటాక ఇంజిన్ వైపు వెళ్లే పైపులో వేలు పెట్టి తిప్పండి. వేలికి దుమ్ము అంటిందంటే ఆ దుమ్మే పిస్టన్ రింగుల్లోకీ వెళ్లింది. ఈ ఒక్క వేలి పరీక్షతో ఇంజిన్ మిగతా బతుకు చాలావరకు తెలిసిపోతుంది.

4. ఇప్పుడు స్టార్ట్ చేయించండి. వేరే బ్యాటరీ తెచ్చి తగిలించకుండా, ఈథర్ స్ప్రే కొట్టకుండా రెండు మూడు తిప్పుళ్లలో అందుకోవాలి. మీరు సైలెన్సర్ వైపు నిలబడండి. మొదటి నిమిషం కాస్త తెల్లపొగ వచ్చి ఆగిపోతే ఫరవాలేదు. నీలంపొగ ఆగకుండా వస్తుంటే ఇంజిన్ ఆయిల్ తాగుతోంది: రింగులు, వాల్వ్ సీళ్లు, లేదా టర్బో. తెల్లపొగ ఎంతకీ ఆగక, రేడియేటర్‌లో నీళ్లు తగ్గుతుంటే గ్యాస్కెట్. లోడు మీద ఒక్కసారి నల్లపొగ వచ్చి తగ్గడం పాత డీజిల్ పంపు ఇంజిన్లలో మామూలే. ఆగకుండా వస్తే ఎయిర్ ఫిల్టర్ పూడిందో, ఇంజెక్టర్లు పోయాయో.

5. ఇంజిన్ ఐడిల్‌లో ఉండగా ఆయిల్ పోసే మూత విప్పి, తిరగేసి ఆ రంధ్రం మీదే ఊరికే పెట్టండి. కాస్త అదిరితే సరే. ఎగిరి కింద పడితే పిస్టన్ల పక్కనుంచి గాలి కిందికి దిగుతోంది. ఇంజిన్ విప్పాల్సిన రోజు దగ్గరపడింది. ధర మాట్లాడేటప్పుడు ఇంజిన్ పని మొత్తం లెక్కలో వేసుకోండి.

2021 ఏప్రిల్ నుంచి తయారైన బండ్లకు బీఎస్ 4, లేదా ఆపై పొగ ప్రమాణం వర్తిస్తుంది. వాటిలో చాలావరకు కామన్ రైల్ (ఇంజెక్టర్లన్నిటికీ ఒకే పైపులోంచి డీజిల్ అందే పద్ధతి), ఎలక్ట్రానిక్ ఇంజెక్టర్లు. డీజిల్ పొదుపు బాగుంటుంది. కానీ కల్తీ డీజిల్‌నూ, డబ్బాల్లో అడుగున చేరిన నీళ్లనూ అవి అస్సలు ఓర్చుకోవు. ఇలాంటి బండికి కంపెనీ సర్వీసు మెకానిక్‌ను పిలిపించి స్కానర్ పెట్టించండి. డ్యాష్‌బోర్డులో ఇంజిన్ లైటు తాళం తిప్పగానే వెలిగి, స్టార్ట్ అయ్యాక ఆరాలి. అసలు వెలగకపోతే బల్బు తీసేశారు. మూలన పెట్టి ఉంచిన బండిలో ఎలుకలు వైర్లు కొరికాయేమో టార్చి వేసి చూడండి. దొంగ కనెక్షన్లకు చుట్టిన ఇన్సులేషన్ టేపు ఎంత ఎక్కువ కనపడితే అంత జాగ్రత్తపడాలి.

పిన్నులు, బుష్‌లు, కింగ్‌పోస్ట్

చాలా పాత బండ్లలో చేతి చమురు వదిలేది ఇక్కడే, కాబట్టి ఎక్కువసేపు ఉండండి. ముందు తెల్లగుడ్డతో కీళ్ల దగ్గర గ్రీజు తుడిచేయండి. అమ్మే ముందు గ్రీజు దట్టంగా కొడితే ఓ గంటసేపు లూజు తెలియదు, చప్పుడు వినపడదు.

వెనక కాళ్లు (తవ్వేటప్పుడు బండి కదలకుండా నేలకు ఆనించేవి) దింపించి, బూమ్ చాపించి, బకెట్‌ను నేలకు అడుగు ఎత్తులో ఉంచమనండి. మీరు పక్కకు, బకెట్ అందనంత దూరంలో నిలబడండి. ఆపరేటర్‌ను ఎడమకు కుడికి నెమ్మదిగా తిప్పి టక్కున ఆపమనండి. లివర్ ఆగాక కూడా బకెట్ కొన ఎంత ఊగిందో చూడండి. పాత బండిలో అంగుళం ఆట సహజం. మూడు అంగుళాలు దాటితే ఆ లూజు ఒకచోటిది కాదు, బకెట్ నుంచి బూమ్ మొదటి కీలైన కింగ్‌పోస్ట్ దాకా పంచుకుని ఉంది. తర్వాత బకెట్‌ను నేలకు ఆనించి, ఇంజిన్ ఆపించి, ఒక్కో పిన్ను దగ్గర గడ్డపార దూర్చి లేపి చూడండి. ఇంజిన్ నడుస్తుండగా ఈ పని వద్దు.

బుష్ అరిగితే అది పెద్ద ఖర్చు కాదు. బుష్ పూర్తిగా అరిగాక కూడా బండిని అలాగే నడిపితే పిన్ను బుష్ కూర్చునే రంధ్రాన్నే తింటుంది, గుండ్రటి రంధ్రం కోడిగుడ్డు ఆకారంలోకి మారుతుంది. అప్పుడు కొత్త బుష్ కొట్టినా నిలవదు. వెల్డింగ్‌తో నింపి లైన్ బోరింగ్, అంటే రంధ్రాన్ని మళ్లీ గుండ్రంగా కోయడం, చేయించాలి. బండి రోజుల తరబడి ఆగుతుంది, ఖర్చు తడిసి మోపెడవుతుంది. దీన్ని పట్టుకోవడానికి రెండు గుర్తులున్నాయి. బుష్ అంచున నాలుగు చోట్ల చిన్న వెల్డింగ్ చుక్కలు కనపడితే, రంధ్రంలో నిలవని బుష్‌ను అతికించి పెట్టారన్నమాట. బకెట్ చెవికీ డిప్పర్‌కూ (బకెట్‌ను పట్టే చివరి చెయ్యి) మధ్య నాలుగైదు వాషర్లు పేర్చి ఉంటే పక్క లూజును అలా కప్పెట్టారు.

కింగ్‌పోస్ట్ అంటే బూమ్ తిరిగే నిలువు కీలు. వెనక ఫ్రేమ్ మీద అది పక్కలకు జరిగే బండ్లలో దాన్ని బిగించి పట్టే హైడ్రాలిక్ క్లాంపులుంటాయి. వాటి సీళ్లు పోతే తవ్వేటప్పుడు వెనక భాగమంతా కటకటలాడుతుంది. నేలలోకి బకెట్ దించి బలంగా లాగించి, ఆ ఫ్రేమ్‌కూ కింగ్‌పోస్ట్ బ్లాకుకూ మధ్య కదలిక ఉందో చూడండి.

వెల్డింగ్ పగుళ్లు వెతకాల్సిన చోట్లు: డిప్పర్ మీద సిలిండర్ చెవులు, బూమ్ మలుపు, లోడర్ చేతులు చాసిస్‌కు తగిలే స్తంభాలు, వెనక కాళ్ల గూళ్లు. కొత్త రంగు కింద పగులు సన్నటి గీతలా కనపడుతుంది, దాని వెంబడి తుప్పు చార దిగుతుంది. అదనంగా ప్లేటు వేసి వెల్డింగ్ చేసినచోట బండి ఒకసారి విరిగింది. రిపేరు శుభ్రంగా ఉంటే ఆ బండిని వదిలేయక్కర్లేదు. ప్లేటు మీద ప్లేటు ఉంటే మాత్రం వదిలేయండి.

వేడెక్కాక

ముందు టైము పట్టండి. స్టార్ట్ చేసిన ఐదు నిమిషాలకు, పూర్తి రేసులో, ఖాళీ లోడర్ బకెట్ నేల నుంచి పై దాకా లేవడానికి ఎన్ని సెకన్లు పట్టిందో మూడుసార్లు చూసి రాసుకోండి. ఇక గంటసేపు నిజమైన పని చేయించండి. గొయ్యి తవ్వించండి, మట్టి ఎత్తించండి. ఊరికే రేసు చేస్తే ఆయిల్ కాగదు. హైడ్రాలిక్ ట్యాంకు మీద చెయ్యి రెండు మూడు సెకన్లకు మించి ఉంచలేనంత వేడి రావాలి. ఇప్పుడు మళ్లీ టైము పట్టండి. 5 సెకన్లది 5.5 అయితే వయసు అనుకోవచ్చు. 7కు పోయిందంటే పంపు అరిగింది: చిక్కటి చల్ల ఆయిల్ అరిగిన సందుల్లోంచి కారదు, పల్చబడ్డాక కారిపోతుంది. పొద్దున బాగా తవ్విన బండి మధ్యాహ్నానికి నీరసపడటం వెనక ఉన్నది ఇదే.

పంపు బలహీనతను దాచడానికి కొందరు, ప్రెషర్ హద్దు దాటకుండా ఆపే రిలీఫ్ వాల్వ్‌ను బిగించి ప్రెషర్ పెంచుతారు. చూడటానికి తవ్వకం గట్టిగా ఉంటుంది, కొన్న నెలలోపు హోస్‌లు ఒక్కొక్కటే పేలతాయి. ఒకేసారి నాలుగైదు కొత్త హోస్‌లు కనపడితే మెకానిక్ చేత ప్రెషర్ గేజ్ పెట్టించి, కంపెనీ చెప్పిన అంకెతో పోల్చండి.

కారుతున్న చోటు వెతకడానికి చెయ్యి పెట్టొద్దు. అట్టముక్క పెట్టండి. 200 బార్ దాటిన ప్రెషర్‌లో సన్నటి చిల్లులోంచి వచ్చే ఆయిల్ చర్మాన్ని చీల్చి లోపలికి వెళ్తుంది. పైకి సూది గుచ్చినంతే కనపడినా అది ఆస్పత్రికి పరుగెత్తాల్సిన గాయం.

తర్వాత దిగుడు పరీక్ష. లోడర్ బకెట్ నిండా మట్టి తీసుకుని నేల నుంచి రెండడుగుల ఎత్తులో ఆపించి, ఇంజిన్ ఆపించండి. మెరిసే సిలిండర్ రాడ్డు మీద, అది లోపలికి దూరే అంచుకు బెత్తెడు దూరంలో చాక్‌పీసుతో సన్నటి గీత గీయండి. టేపుతో కొలిచి రాసుకోండి. టీ తాగి ఐదు నిమిషాలకు మళ్లీ కొలవండి. గీత సెంటీమీటరు లోపు జరిగితే ఫరవాలేదు. నాలుగైదు సెంటీమీటర్లు జరిగితే సిలిండర్ సీళ్లో, కంట్రోల్ వాల్వో దాటి ఆయిల్ పోతోంది. సీళ్ల కిట్ అయితే చిన్న ఖర్చు, వాల్వ్ బ్లాకు అయితే పెద్ద ఖర్చు. ఏదో తేలేదాకా పెద్దదే అనుకుని ధర కట్టండి. వెనక బూమ్‌కూ ఇలాగే చేయండి. ఈ సమయంలో బకెట్ల కింద ఎవరినీ ఉండనివ్వకండి. ఎత్తిన లోడర్ చేతుల కిందికి వెళ్లి చూడాలంటే సిలిండర్ రాడ్డు మీద తగిలించే సేఫ్టీ స్ట్రట్ వేయించండి. చాలా బండ్లలో అది ఎప్పుడో పాత ఇనుము కింద పోయి ఉంటుంది. లేకపోతే కిందికి వెళ్లొద్దు.

వెనక కాళ్ల విషయంలో సర్దుకోకండి. కాళ్ల మీద బండి వెనక చక్రాలను కాస్త లేపి ఇంజిన్ ఆపితే పది నిమిషాలైనా కాలు దాదాపు కదలకూడదు, అందుకే వాటికి ఆయిల్ వెనక్కి పోకుండా ఆపే చెక్ వాల్వ్‌లు పెడతారు. చెరువు కట్ట ఏటవాలు మీద తవ్వుతుండగా ఒక కాలు జారితే బండి పక్కకు ఒరుగుతుంది.

రాడ్ల మీద గోరు పెట్టి పొడవునా లాగండి. గోరు తగిలి ఆగినచోట గీత పడింది లేదా క్రోమ్ లేచింది. అక్కడ కొత్త సీలు వేసినా మళ్లీ చిరుగుతుంది.

గేర్‌బాక్సు, బ్రేకులు, యాక్సిళ్లు

ఇదీ వేడి మీదే. ముందుకు, వెనక్కు లివర్ మార్చినప్పుడు బండి వెంటనే అందుకోవాలి. ఒకటి రెండు సెకన్లు ఆలోచించి ఒక్కసారి తన్నినట్టు కదిలితే క్లచ్ ప్యాకులో, ప్రెషర్‌లో లోపముంది. లోడర్ బకెట్‌ను గట్టి మట్టికుప్పలోకి నెట్టించండి. చక్రాలు జారైనా తిరగాలి, ఇంజిన్ బరువుగా మూలగైనా మూలగాలి. ఇంజిన్ హాయిగా రేసు అవుతూ చక్రాలు కదలక నిలబడితే టార్క్ కన్వర్టరో (ఇంజిన్ బలాన్ని గేర్‌బాక్సుకు అందించే భాగం) క్లచ్చో జారుతోంది. ట్రాన్స్‌మిషన్ డిప్‌స్టిక్ ఆయిల్ వాసన చూడండి. మాడిన వాసన, మెరిసే పొడి ఉంటే ఇక్కడితో ఆపేయొచ్చు.

ఎడమ, కుడి బ్రేకు పెడళ్లను విడివిడిగా తొక్కి చూడండి. బయట ఎక్కడా కారకుండా బ్రేక్ ఆయిల్ తగ్గుతోందని ఆపరేటర్ నోరు జారితే, అది సీళ్లు దాటి యాక్సిల్‌లోకి పోతోంది. యాక్సిల్ లెవెల్ బోల్టు విప్పితే ఆయిల్ పొంగి కారుతుంది. అది యాక్సిల్ విప్పాల్సిన పని. లోడర్ బకెట్‌ను నేలకు నొక్కి ముందు చక్రాలు లేపించి, బలమైన దుంగలు సాయం పెట్టి, చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపండి. కింగ్‌పిన్ (ముందు చక్రం మలుపు తిరిగే పిన్ను) లూజు, ముందు యాక్సిల్ మధ్య పిన్ను లూజు తెలిసిపోతాయి.

డీజిల్ ఎంత తాగుతుందో కూడా ఇప్పుడే తేలుతుంది. పని మొదలుపెట్టే ముందు ట్యాంకు మెడదాకా నింపి, గంట తర్వాత మళ్లీ నింపండి. మామూలు తవ్వకంలో ఈ తరగతి బండి గంటకు 4 నుంచి 6 లీటర్లు తాగుతుంది. ఆ పైన ఎంత తాగినా మీ గంట రేటులోంచి పోయేదే.

బేరం

వేసవిలో పూడిక పనులు, గట్ల పనులు జోరుగా ఉంటాయి, అప్పుడు ధర దిగదు. వానలు పడి నేల తడిశాక బండ్లు నిలబడతాయి, వాయిదాలు మాత్రం నిలబడవు. బేరానికి అదే అదను.

నాలుగు టైర్లు, పూర్తి పిన్ను-బుష్ సెట్టు, లైన్ బోరింగ్, పంపు, సిలిండర్ సీళ్లు: వీటికి మీ దగ్గరి వర్క్‌షాపులో ముందే రేట్లు రాయించుకుని జేబులో పెట్టుకోండి. చూసిన లోపాలను కాగితం మీద రాసి, పక్కన ఆ రేట్లు వేసి, అడిగిన ధరలోంచి తీసి చూపించండి. "కొంచెం తగ్గించండి" అంటే పదివేలు తగ్గుతుంది. కాగితం చూపిస్తే మాట వేరుగా ఉంటుంది.

ఫైనాన్స్ కంపెనీలు సీజ్ చేసి యార్డులో పెట్టిన బండ్లు చవకగా కనపడతాయి. అక్కడ ఉన్నది ఉన్నట్టుగా అమ్ముతారు, గంటసేపు పని చేయించి చూడనివ్వరు. వేడి పరీక్ష లేకుండా కొంటున్నప్పుడు పంపు, గేర్‌బాక్సు రెండూ పోయాయనుకుని ధర వేయండి. బాగుంటే మీ అదృష్టం.

కాగితాలు

ఆర్‌సీలోని చాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు బండి మీద కొట్టినవాటితో అంకె అంకె కలవాలి. బురద తుడిచి, టార్చి వేసి, ఫొటో తీసుకోండి. చుట్టూ గ్రైండింగ్ గీతలుంటే వెనక్కి తిరగండి. ఎంపరివాహన్ యాప్‌లోగానీ రవాణా శాఖ సైటులోగానీ నంబరు కొట్టి యజమాని పేరు, పన్ను ఏ తేదీ దాకా కట్టారు, ఇన్సూరెన్స్, ఫైనాన్స్ వివరాలు సరిచూడండి. అక్కడ రాకపోతే ఆర్టీఏ ఆఫీసులో అడగండి.

యాజమాన్యం మార్పుకు ఫారం 29, ఫారం 30 మీద ఆర్‌సీలో పేరున్న మనిషి సంతకాలు కావాలి. ఫైనాన్స్ ఉంటే బాకీ తీరినట్టు ఆ సంస్థ ఇచ్చే ఎన్‌ఓసీ, ఫారం 35. వేరే రాష్ట్రం బండైతే ఫారం 28, అంటే అక్కడి ఆర్టీఏ ఇచ్చే ఎన్‌ఓసీ. సీజ్ చేసిన బండిలో పాత యజమాని సంతకం దొరకదు. ఫైనాన్స్ సంస్థ ఫారం 36 ద్వారా ఆర్‌సీ తన పేరు మీదకు మార్చుకుని మీకు అమ్మాలి. "కాగితాలు తర్వాత పంపిస్తాం" అన్న మాటకు ఒక్క రూపాయి కూడా ఎక్కువివ్వకండి.

కొన్న 30 రోజుల్లో మీ పేరుకు మార్పించుకోవాలి. ఈ పనిలో అమ్మినవాళ్లకూ తొందర ఉండాలి. ఆర్‌సీలో ఎవరి పేరుంటే ప్రమాద పరిహారం బాధ్యత వాళ్లదేనని 2018లో సుప్రీంకోర్టు తేల్చింది. ఈ సంగతి చెబితే సంతకాలకు తిప్పించుకునే మనిషి కూడా దారికొస్తాడు. ఇన్సూరెన్స్ పాలసీనీ అప్పుడే మీ పేరుకు మార్పించండి.

బయానా ఇచ్చేటప్పుడు స్టాంపు పేపరు మీద చాసిస్ నంబరు, ధర, కాగితాలు ఇచ్చే గడువు, పాత చలాన్లు, పన్ను బకాయిలు ఎవరివో రాయించండి. ఎన్‌ఓసీ చేతికొచ్చేదాకా కొంత సొమ్ము ఆపుకోండి.

బండి ఇంటికొచ్చిన వారం

చెప్పిన లెక్కలన్నీ పక్కనబెట్టి ఇంజిన్ ఆయిల్, హైడ్రాలిక్, ట్రాన్స్‌మిషన్, యాక్సిల్ ఆయిళ్లు, ఫిల్టర్లన్నీ మార్చేయండి. కూలెంట్ పారబోసి కొత్తది పోయండి. ప్రతి గ్రీజు నిపిల్ దగ్గరా పాత గ్రీజు బయటికొచ్చేదాకా కొట్టండి. గ్రీజు ఎక్కని నిపిల్ ఉంటే మార్చండి, ఎందుకంటే ఆ కీలు ఎండి ఉంది. ఆ తర్వాత రోజూ పని మొదలయ్యే ముందు గ్రీజు కొట్టాల్సిందే.

50 గంటలు నడిచాక హైడ్రాలిక్ ఫిల్టర్ విప్పి, కత్తితో కోసి, కాగితం మడతలు ఎండలో పరిచి చూడండి. అయస్కాంతానికి అంటుకునే పొడి ఉంటే ఇనుము అరుగుతోంది. పసుపుపచ్చగా మెరుస్తూ అయస్కాంతానికి అంటుకోనివి పంపు లోపలి బుష్‌ల తునకలు. అవి నాలుగైదే అయితే కొత్త ఫిల్టర్ వేసి మరో 50 గంటలకు మళ్లీ కోసి చూడండి. మడత మడతకూ మెరుస్తుంటే బండి ఆపి పంపు విప్పించండి. ఆ తునకలు కంట్రోల్ వాల్వ్‌లోకి చేరకముందే.